గేటు దగ్గర కప్ప

ఆగస్టు 6, శనివారం

కప్ప ఈరోజు కూడా ఆగిపోయింది.

అమ్మమ్మ ఆకుపచ్చ కారు అది. పొద్దున్న బాగానే లేచింది. సెల్ఫ్ కొట్టానో లేదో, వీధిలో కిటికీలన్నీ గడగడలాడాయి. అమ్మమ్మ తోలింది, నేను పక్కన కూర్చున్నాను. నది దాకా గాలిలా వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు బేకరీ ముందు బళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. నడక వేగంతో పాకాల్సి వచ్చింది. వేడి ముల్లు పైకెక్కింది. ముందున్న ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి పడుకుంది. మళ్ళీ తాళం తిప్పితే ఒక మూలుగు, అంతే. పూర్తిగా చల్లారాక గాని లేవలేదు.

ఈలోపు బేకరీ ఆవిడ బయటికొచ్చి అమ్మమ్మ చేతిలో జామ్ కూరిన పోంచ్కీలు పెట్టింది. ఊరంతా అమ్మమ్మని బూషా అంటుంది, పోలిష్ ఇళ్ళలో పెద్దామెని అలాగే పిలుస్తారు. "బూషా, ఈ కప్పని నదిలో వదిలెయ్యరాదూ, ఈదుకుంటుంది" అంది. అమ్మమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పోంచ్కీ తిన్నాను గాని నవ్వలేదు.

ఆగస్టు 7, ఆదివారం

జిగ్గీ వచ్చాడు. ఊరేగింపు కమిటీ పెద్ద. టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడంటేనే మంచి కబురు కాదని తెలిసిపోయింది.

"బూషా, ఇది నా మాట కాదు, కమిటీ మాట. పోయినేడు గేటు దాటాక నీ బండి లేవలేదు. వెనకాల మొత్తం నిలిచిపోయింది. బ్యాండు వాళ్ళు వాయించిన పాటే వాయించి పెదాలు వాచిపోయాయన్నారు. ఈ సెప్టెంబర్‌లో లేబర్ డేకి దాన్ని ట్రైలర్ మీద ఎక్కిద్దాం. నువ్వు లోపల కూర్చుని చెయ్యి ఊపు చాలు."

"అలా మోసుకెళ్ళేది శవాన్ని. నేనింకా ఉన్నా కదా జిగ్గీ."

"మరి ఈసారి లేస్తుందని పూచీ ఏంటి?"

"నా మనవడు చూసుకుంటాడు."

"పోయినేడు కూడా వాడే చూసుకున్నాడు."

నేను లేచి నిలబడ్డాను. అమ్మమ్మ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అతను వెళ్ళాక బంగాళాదుంపలు చెక్కుతూ అంది: "ట్రైలర్ అయితే నేను రాను కాజ్. ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ రాను." మామూలుగా అంది, కూరలో ఉప్పు చాలదన్నట్టు. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

జిగ్గీ దృష్టిలో అదొక ట్రాఫిక్ సమస్య. ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీ మూసేసిన ఆఖరి షిఫ్టులో లైను ఆగిపోతే, సగం తయారైన బండిని మన వాళ్ళు చేతుల్తో తోసుకుంటూ గేటు బయటికి తెచ్చారు. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు. గడ్డి ఉంది, గేటు ఉంది. ఊరేగింపు అక్కడికి చేరగానే ఇంజన్లన్నీ ఆపేసి, బళ్ళని చేతుల్తో తోస్తూ గేటు దాటిస్తారు. మాట్లాడరు. దాటాక ముందు కప్ప లేవాలి, దాని వెనకే మిగతావన్నీ. ఆ మోత వినడానికే పక్క ఊళ్ళ నుంచి జనం వస్తారు. కప్ప ఎందుకు ముందుంటుందంటే అది ఆ గేటులోంచే వచ్చింది. సీట్లు కుట్టింది అమ్మమ్మ. తన జీతంతో తనే కొనుక్కుంది, ఆడపిల్లకి ఇంత ఇంజన్ ఎందుకని షోరూమ్ వాడు అడిగితే "నువ్వు నడిచి వెళ్ళు, నేను ఇందులో వస్తా" అందట.

నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోయినేడే మొదలు. వయసు మీద పడింది, అంతే.

ఆగస్టు 9, మంగళవారం

ఫోర్‌మన్ గారు ఈరోజు నా యూనియన్ కరపత్రాలు భోజనాల టేబుల్ మీంచి తీసేశారు.

ఆయన్ని యాన్సీ అనేవాణ్ణి ఒకప్పుడు. అక్కని పెళ్ళి చేసుకున్నాక బావా అనేవాణ్ణి. మా సీట్ల ఫ్యాక్టరీలో ఇద్దరం పక్కపక్కనే ఫోమ్ కోసేవాళ్ళం. పాప పుట్టగానే నీలం చొక్కా విప్పి తెల్ల చొక్కా వేసుకున్నాడు. అప్పట్నించి ఫోర్‌మన్ గారు. ఫోర్‌మన్ అంటే శ్రామికుడి భుజం మీద యాజమాన్యం వేసిన చెయ్యి. ఇది నేను చదివిన మాట కాదు, నేనే కనిపెట్టాను, బాగుంది.

"టేబుల్ మీద వద్దు బామ్మర్దీ, జేబులో పెట్టుకో. పై వాళ్ళు చూస్తే నీ పని పోతుంది" అన్నాడు, మెల్లగా.

"పని పోతే పోనీ. జేబులో పెట్టుకోవడానికి అది చేతిరుమాలా?"

"చేతిరుమాలైతే ఎవరో ఒకరు వాడేవాళ్ళు."

అందరూ నవ్వారు. శ్రామిక వర్గం ఫోర్‌మన్ జోకుకి నవ్వడం నా కళ్ళతో చూశాను.

ఆగస్టు 13, శనివారం

కార్బురేటర్ మొత్తం విప్పి, కడిగి, కొత్త వాషర్లు వేశాను. పొద్దున్నుంచి పెట్రోల్ వాసన. అమ్మమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు, భోజనం కిటికీలోంచి అందించింది.

బానెట్ ఎత్తి కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఇంత అందంగా ఈ జిల్లాలో ఇంకో బండి లేదు. రెండు చలికాలాల కిందట, చలి తగ్గేదాకా కూర్చుని చేశాను. ఇంజన్ బయటికి దించి, తుప్పంతా గీకి, ఆకుపచ్చ రంగు నాలుగు పూతలు. పైన కనిపించే చోట మాత్రమే మెరిపించి లోపల వదిలేయడం షోరూమ్ బుద్ధి. నేను బోల్టుల కింద కూడా వేశాను. ఎవరూ చూడని చోటికి కూడా అదే గౌరవం దక్కాలి. ఇంజన్ మీదుగా అడ్డంగా పోయే లావు నల్ల వైరు అసహ్యంగా ఉండేది, దాన్ని తీసేసి ఇంజన్ వెనక ఇనుప గోడ వైపు నుంచి తిప్పాను. ఒక్క వైరు కంటికి కనబడదు. పాత ఫ్యాన్ తీసి కరెంటు ఫ్యాన్ పెట్టాను. పాత ఇగ్నిషన్ పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను.

రేపు నది దాకా.

ఆగస్టు 14, ఆదివారం

కార్బురేటర్ కాదు.

ఆగస్టు 17, బుధవారం

స్టార్టర్. ఇంకేముంటుంది. పోయినేడు వేసినది ఎక్కడో యూనియన్ లేని చోట, పిల్లల చేత చేయించిన సరుకు. దోపిడీతో చేసిన వస్తువు గేటు ముందు మొరాయించిందంటే అందులో ఒక న్యాయం ఉంది. మన రాష్ట్రంలో తయారైనది వెతికి పట్టుకున్నాను. బిగిస్తుంటే అక్క పాపని అమ్మమ్మ దగ్గర వదలడానికి వచ్చింది. వెనకాల ఫోర్‌మన్ గారు డైపర్ల సంచి మోసుకుంటూ.

ఫోర్‌మన్ గారు బానెట్‌లోకి తొంగి చూసి, "ఫ్యాన్ తిరగ్గానే చచ్చిపోతోందట కదా. బూషా చెప్పారు" అన్నాడు.

"వేడెక్కితే ఫ్యాన్ తిరుగుతుంది. వేడెక్కితే బండి ఆగుతుంది. ఇందులో వింతేముంది?"

"వింతని కాదు. ఫ్యాన్ కరెంటు తింటుంది కదా అని."

"యాజమాన్యం తినేదానికంటే తక్కువే."

అక్క నా నెత్తి మీద ఒకటి వేసింది. "ఒరేయ్, ఆయన ఆ గేటు దగ్గర నీకంటే ముందు నుంచి, పోయినేడు దాకా బండి తోశాడు. చిన్నప్పుడైతే వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని తోశాడు."

భుజాల మీద కూర్చుని ఎలా తోస్తారని అడిగాను. ఇంకొకటి వేసింది.

ఆగస్టు 20, శనివారం

స్టార్టర్ కూడా కాదు.

అమ్మమ్మ ఈరోజు ఊరేగింపు టోపీ బయటికి తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. నేను చూడలేదనుకుంది.

ఆగస్టు 21, ఆదివారం

చర్చి పిక్నిక్. అమ్మమ్మ పియెరోగీ కుడుముల గిన్నెలు కప్ప వెనక సీట్లో, గుడ్డ కప్పి. వెళ్ళాం. వచ్చేటప్పుడు ఫాదర్ గారి మినీ వ్యాన్ వెనకాల పాకుతూ ఉండగా, ఫ్యాన్ తిరిగింది, ఆగిపోయాం, చర్చి గేటులోనే, బయటికి పోయే దారికి అడ్డంగా. ఊరంతా గిన్నెలు పట్టుకుని నిలబడింది.

ఫాదర్ గారే తన వ్యాన్ బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వడానికి జంపర్ కేబుళ్ళు తెచ్చారు. ఎర్ర క్లిప్పు ఎర్రదానికి, నల్ల క్లిప్పు నల్లదానికి, రెండూ కప్ప బ్యాటరీ మీదే పెట్టారు. మూలుగు. "దేవుడి చిత్తం" అన్నారు. అప్పుడు ఫోర్‌మన్ గారు పాపని సంకనేసుకుని వచ్చి, ఒక్క చేత్తోనే ఆ క్లిప్పులు పీకి మళ్ళీ పెట్టాడు. తాళం తిప్పాను. లేచింది. ఒక్క దెబ్బకి.

"చెయ్యి మహిమ" అన్నారెవరో.

చెయ్యీ కాదు, మహిమా కాదు. బ్యాటరీ పోయింది. ఆయన వచ్చేసరికి కాస్త చల్లారి ఉంటుంది.

ఆగస్టు 24, బుధవారం

కొత్త బ్యాటరీ వేశాను. ఇంక సమస్య లేదు.

ఆ ధైర్యంతో సాయంత్రం కూర్చుని లేబర్ డే కరపత్రం రాశాను. అచ్చులో ఒక పేజీ. చివర ఇలా ముగించాను: "గేటు ముందు కప్ప మీద పడేది శ్రామికుడి చెయ్యి మాత్రమే. యాజమాన్యం చెయ్యి దాని మీద పడరాదు." జిగ్గీకి చూపించాను. చదివి, కళ్ళద్దాలు తీసి, "మీ బావ గురించా?" అన్నాడు. సూత్రం గురించి అన్నాను. "సూత్రానికి భుజాలు ఉండవు కాజ్, బండి చాలా బరువు" అన్నాడు. అయినా కమిటీ తరఫున పంచడానికి ఒప్పుకున్నాడు. పాతకాలం మనిషి, అచ్చులో ఉన్నదాన్ని కాదనలేడు.

ఆగస్టు 27, శనివారం

ఆగిపోయింది. కొత్త బ్యాటరీతో. అక్క వాళ్ళ వీధిలో.

ఫోర్‌మన్ గారు గడ్డి కోసే మిషన్ ఆపి వచ్చాడు. తన బండి దగ్గరికి తెచ్చి కేబుళ్ళు పెట్టాడు. మళ్ళీ లేచింది, ఒక్క దెబ్బకి.

"బ్యాటరీ కొత్తది కదా. నిండుగా ఉంది. మరి జంప్ ఇస్తే ఎందుకు లేస్తోంది?" అని తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు.

"మీరు నన్ను అడుగుతున్నారా, రిపోర్టు రాసుకుంటున్నారా?"

కేబుళ్ళు చుట్టి తన డిక్కీలో పడేశాడు. నేనది అనకుండా ఉంటే బాగుండేది. ఆయన చేతిలో కరపత్రం చూశాను, మడిచి వెనక జేబులో పెట్టుకున్నాడు. ఎవరిచ్చారో.

"చివరి వాక్యం బాగా రాశావు" అన్నాడు వెళ్తూ. వెటకారం లేదు. అదే నచ్చలేదు నాకు.

ఆగస్టు 28, ఆదివారం

నల్ల క్లిప్పు ఆయన ఎక్కడ పెట్టాడు?

ఆగస్టు 30, మంగళవారం

ఫాదర్ గారు నల్ల క్లిప్పు బ్యాటరీ మీద పెట్టారు. ఫోర్‌మన్ గారు ఇంజన్ మీద పెట్టాడు. రెండుసార్లూ ఇంజన్ మీదే, ఆల్టర్నేటర్ పట్టీ దగ్గర రంగు రాలిన చోట. భద్రత కోసం అలా పెట్టాలని మా ఫ్యాక్టరీలో గోడ మీద బొమ్మ ఉంటుంది. మధ్యాహ్నం ఆ బొమ్మ కింద నిలబడి శాండ్‌విచ్ తింటుంటే నా నోరు ఆగిపోయింది.

ఇంటికొచ్చి ఒక్క కేబులే తీసుకున్నాను. ఒక కొస బ్యాటరీ నల్లదానికి, రెండో కొస ఇంజన్‌కి. వేరే బండి లేదు, ఏమీ లేదు. కప్పని కావాలని వేడెక్కించి, ఆగిపోయేదాకా ఆగి, తాళం తిప్పాను. లేచింది. కేబుల్ తీసి తిప్పాను. మూలుగు. పెట్టాను. లేచింది.

ఎర్త్ వైరు. నేను అసహ్యంగా ఉందని దాచిపెట్టిన ఆ లావు నల్ల వైరు. ఇంజన్ నుంచి కరెంటు తిరిగొచ్చే దారి. లోహానికి లోహం తగిలితేనే అది పనిచేస్తుంది. నేను మధ్యలో నాలుగు పూతలు వేశాను. బోల్టు మరల గుండా కరెంటు కాస్త పాకేది, చల్లగా ఉన్నప్పుడు అది చాలేది. వేడెక్కి ఫ్యాన్ తన వాటా అడిగితే మిగతావాటికి ఏమీ మిగిలేది కాదు.

నలభై ఏళ్ళు నడిచిన బండి. వయసు కాదు. నేను.

ఎవరూ చూడని చోట. సరిగ్గా అక్కడే.

సెప్టెంబర్ 1, గురువారం

గరుకు కాయితం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ మూల నేను పడుకుని, మెడ విరిగేలా వంచి, చిన్న కుంచెతో వేసిన చోటు. గీకబుద్ధి కాలేదు.

ఫోర్‌మన్ గారికి ఫోన్ చేశాను. రమ్మనలేదు. ఇలా ఉందని చెప్పాను, అంతే. వెంటనే వచ్చేశాడు, తెల్ల చొక్కాతోనే.

కింద దూరి ఆ మూల దాకా తల వంచి చూశాడు. తర్వాత, "ఎంత బాగా వేశావురా" అన్నాడు. "ఇక్కడ కూడా అంచు చెదరలేదు."

"అదే కదా ఏడుపు."

"నేను గీకనా?"

"వద్దు. నేనే గీకుతాను. లైటు పట్టుకోండి."

పట్టుకున్నాడు. ఒక బిళ్ళంత మేర గీకితే కింద తెల్లగా ఇనుము మెరిసింది. ఇంజన్ వైపు ఒకటి, గోడ వైపు ఒకటి. రంగు పొడి మొత్తం ఆయన తెల్ల చొక్కా మీద పడింది. అక్క చంపుతుందన్నాడు. నేను నవ్వాను, కింద ఉన్నాను కాబట్టి కనబడి ఉండదు.

పైకి లేచేసరికి అమ్మమ్మ గుమ్మంలో ఉంది. "ఏమైందట?"

"ఎర్త్ వైరు లూజు బూషా. అంతే" అన్నాడు ఆయన, నా కంటే ముందు.

నాకు వళ్ళు మండింది. నా తప్పుకి ఇంకొకడు ముసుగు కప్పడం ఏమిటి. "లూజు కాదమ్మమ్మా. నా రంగే. దాని కిందికి కూడా వేశాను. పోయినేడు నీ పరువు తీసింది నేనే. జిగ్గీకి కూడా చెప్తాను."

అమ్మమ్మ వచ్చి, వంగి, తన కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఆ బిళ్ళంత చోటుని వేలితో తాకింది.

"సీటుకి కుట్టు మరీ బిగించి వేస్తే గుడ్డ చిరిగేది. మొదటి నెలంతా నావి చిరిగాయి. అప్పటి ఫోర్‌మన్ వెనక్కి తిప్పి పంపేవాడు." ఆయన వైపు చూసింది. "వాడూ మంచివాడే. కాళ్ళూ చేతులూ కడుక్కురండి ఇద్దరూ. క్యాబేజీ చల్లారిపోతోంది."

సెప్టెంబర్ 3, శనివారం

స్కూలు మైదానం చుట్టూ నడక వేగంతో తిప్పాం. వేడి ముల్లు ఎక్కింది. ఫ్యాన్ తిరిగింది. కప్ప కునుకు కూడా తియ్యలేదు. ఆపి, లేపి, ఆపి, లేపి. అమ్మమ్మ ఆఖరికి "దాన్ని ఇంక నిద్రపోనియ్యరా" అంది.

జిగ్గీకి చెప్పాను. రంగు సంగతి కూడా. ట్రైలర్ మాట వెనక్కి తీసుకున్నాడు. కరపత్రాలు మాత్రం అప్పటికే ఊరంతా పంచేశాడు.

సెప్టెంబర్ 5, సోమవారం, లేబర్ డే

రాయకుండా పడుకోలేను. భుజం నొప్పిగా ఉంది, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

అమ్మమ్మ టోపీ పెట్టుకుంది. ముందు బ్యాండు, వెనకే కప్ప, దాని వెనక మిగతా బళ్ళు. ఊరంతా నడక వేగం. ఫ్యాన్ రెండుసార్లు తిరిగింది, రెండుసార్లూ నా గుండె ఆగింది, ఇంజన్ ఆగలేదు.

గేటు దగ్గర బ్యాండు ఆగింది. ఇంజన్లు ఆపేశారు. ఇంత నిశ్శబ్దం ఏడాదిలో ఒక్కసారే వింటాం, లోపల గడ్డిలో మిడతలు కూడా వినిపిస్తాయి. కప్ప వెనక నేను, జిగ్గీ, ఇంకో ఇద్దరు రిటైరైన వాళ్ళు. తోశాం. రైలు పట్టాల దగ్గర దారి కొంచెం ఎత్తు. చక్రాలు పట్టాకి తగిలి నిలిచిపోయాయి. మళ్ళీ తోశాం. జిగ్గీ మోకాలు పట్టుకుని పక్కకి జరిగాడు.

ఫుట్‌పాత్ మీద ఫోర్‌మన్ గారు నిలబడి ఉన్నాడు, పాప భుజాల మీద. రెండు అడుగులు ముందుకి వేసి, ఆగిపోయాడు. వెనక జేబులోంచి నా కరపత్రం తెల్లగా కనబడుతోంది. గేటు దగ్గర మాట్లాడకూడదు. నేను మాట్లాడాను.

"బావా. పాపని అక్కకిచ్చి రా."

జిగ్గీ నా వంక చూశాడు. "మరి నీ కరపత్రం?" గుసగుసగానే.

"రాసింది నేనే కదా. దిద్దేదీ నేనే. నువ్వు అక్కడే ఉండు జిగ్గీ మావయ్యా, మోకాలు జాగ్రత్త."

బావ వచ్చి నా పక్కన భుజం ఆనించాడు. నీలం చొక్కా వేసుకున్నాడు, పాతది, పొట్ట దగ్గర గుండీ పట్టడం లేదు. ఒక్కసారి ఊపిరి పీల్చి తోశాం. పట్టా దాటింది. గేటు దాటింది.

అందరూ సెల్ఫ్ మోత కోసం చెవులు రిక్కించారు. రాలేదు. కప్ప మా చేతుల కింద దొర్లుతూనే ఉంది. గీకింది చాలలేదా. రెండో వైపు మర్చిపోయానా. అమ్మమ్మ కిటికీ దగ్గరికి తల చాపి అడిగాను: "లేవట్లేదా?"

"తిప్పలేదు."

"తిప్పమ్మమ్మా. ఊరంతా చూస్తోంది."

"లేస్తుందిలే, నాకు తెలుసు." ఆమె రోడ్డు చూడటం లేదు, లోపలి అద్దంలో మా ఇద్దరి వంక చూస్తోంది. "ఇంకాస్త తొయ్యండి."

బావ నవ్వు ఆపుకుంటుంటే ఆ కుదుపు నా భుజానికి తెలుస్తోంది. తోశాం. బేకరీ దాకా తోశాం. అక్కడ తాళం తిప్పింది. సగం తిప్పు కూడా పట్టలేదు, కప్ప లేచింది.

సెప్టెంబర్ 6, మంగళవారం

పనికి సెలవు పెట్టి కప్ప బానెట్ ఎత్తాను. ఎర్త్ వైరు కింద ఆ బిళ్ళంత చోటు తెల్లగా ఉంది. తుప్పు పట్టకుండా గ్రీజు రాశాను.

రంగు వెయ్యలేదు.